ఒక దేశం మీద మా కాలేజీ పెట్టిన తీర్మానం

మా చరిత్ర సారు పోయాక కాలేజీలో సంతాప సభ పెట్టారు. తీర్మానం చదివారు. అంకితభావం, నిరాడంబరత, తీరని లోటు అనే మాటలు అందులో ఉన్నాయి. వాటిలో అబద్ధం లేదు. కాని పేరు మార్చి చదివితే అది ఏ అధ్యాపకుడికైనా సరిపోతుంది. అందరం లేచి నిలబడ్డాం, కూర్చున్నాం. తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందిందన్నారు. ఆయన పక్కన ఉండి ఉంటే, "ఏకగ్రీవం అన్నారంటే దాంట్లో ఎవురికీ ఇబ్బంది పెట్టే మాట లేదని లెక్కప్పా" అని నా చెవిలో అనేవాడు.

ఆయనకు మాత్రమే సరిపోయే సంగతి ఒకటి రాయాలనుకున్నాను. కొత్తగా ఉద్యోగంలో చేరి పిల్లలకు అంతర్జాతీయ సంస్థల పాఠం చెప్పబోతున్న మీకు ఇది పనికి రావచ్చు. రాకపోయినా నష్టం లేదు, పరీక్షలో అడగరు.

నేను హిందూపురంలో ఒక డిగ్రీ కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్పేవాణ్ణి. ఆయన చరిత్ర చెప్పేవాడు. నాకంటే కొద్దిగా పెద్ద. పెనుకొండలో తల్లితో ఉండేవాడు, రోజూ ప్యాసింజరు రైల్లో వచ్చిపోయేవాడు. స్టాఫ్ రూములో మా ఇద్దరికీ ఒకటే బల్ల. ఆయన చదివి పెట్టిన పుస్తకం నేను తీసుకునేవాణ్ణి, నేను చదివింది ఆయన తీసుకునేవాడు. దాని గురించి పెద్దగా మాట్లాడుకునేవాళ్లం కాదు.

జెనీవాలో దేశాలు కూర్చుని, ఫలానా దేశంలో మనుషుల హక్కులు నలుగుతున్నాయని పేరు పెట్టి తీర్మానాలు చేసే మండలి ఒకటి ఉంది కదా. మా పాఠ్యపుస్తకంలో దానికి ఒకటిన్నర పేజీ ఇచ్చారు. సభ్యులెందరు, కాలపరిమితి ఎంత, అంతే. ఒకరోజు గోరంట్ల దగ్గరి పల్లె నుంచి వచ్చే కుర్రవాడు, కొన్ని దేశాల మీదే తీర్మానాలు ఎందుకు వస్తాయని అడిగాడు. నేను కూటములు, ప్రయోజనాలు అని ఏదో చెబుతున్నాను. వరండాలో పోతున్న చరిత్ర సారు ఆగి, లోపలికి తల పెట్టాడు.

"మీ ఊర్లో పంచాయితీ ఎవురి మీద పెడతారబ్బా?"

"తప్పు చేసినోళ్ల మీద సార్."

"తప్పు చేసినోళ్లందరి మీదా పెడతారా?"

కుర్రవాడు ఆలోచించి నవ్వాడు. "బలగం లేనోళ్ల మీద పెడతారు సార్."

"ఆ. జెనీవా అయినా గోరంట్ల అయినా అంతే. రాసుకో."

రాసుకోవద్దని నేను చెప్పాను. కాని ఆ పీరియడ్ అయ్యాక మేమిద్దరం టీ తాగుతూ ఒక పని అనుకున్నాం. పిల్లల చేత ఆ మండలిని ఆడిద్దాం. చీటీలు వేసి ఒక్కొక్కరికి ఒక్కొక్క దేశం ఇద్దాం. ఏదైనా ఒక దేశం మీద తీర్మానం పెట్టి, దాన్ని నెగ్గించడమో ఓడించడమో వాళ్లనే చూసుకోమందాం. ఏ దేశం మీద అన్నది కూడా పిల్లలే తేల్చాలని ఆయన పట్టుబట్టాడు.

పిల్లలు తేల్చిన దేశం బలగం బాగా ఉన్న దేశం. ఈ వ్యాసంలో మనుషుల పేర్లు రాయడం లేదు కాబట్టి దాని పేరూ రాయను. మన మగ్గాలకు విదేశీ పట్టుదారం ఎక్కువగా ఎక్కడి నుంచి వస్తుందో తెలిసినవాళ్లకు అది ఏ దేశమో తెలుస్తుంది. ప్రతిపాదించింది ఆ గోరంట్ల కుర్రవాడే. బాగా చదువుకుని వచ్చాడు. నిర్బంధాలు, మఠాలు, భాష, బడులు, అన్నీ వరసగా రాశాడు. మూడో పేజీకి వచ్చేసరికి పట్టుదారం దిగుమతుల గురించి ఉంది.

"మానవ హక్కులకూ దీనికీ ఏం సంబంధం?" అన్నాను.

"ఆడనుంచి దారం దిగితే ఈడ మార్కెట్‌లో మా గూళ్ల ధర పడిపోతాది కద సార్. అది కూడా హక్కే, మా నాయనది."

హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్‌కు గూళ్లు తెచ్చే రైతుల పిల్లలు మా తరగతిలో చాలామంది ఉండేవాళ్లు. వాళ్లందరికీ ఆ దేశం మీద రాత్రికి రాత్రి మానవ హక్కుల బాధ కలిగింది. తరగతిలో రెండో పక్షం నేతవాళ్ల పిల్లలు. పడుగుకు ఆ దేశపు దారమైతే మగ్గం మీద తెగదని, అది ఆగితే మగ్గమే ఆగుతుందని వాళ్ల ఇళ్లలో మాట. చీటీల్లో ఆ దేశం ధర్మవరం అమ్మాయికి పడింది. వాళ్ల నాయనకు ఇంట్లో రెండు మగ్గాలు. ఆ పిల్ల హిందూపురంలో పెద్దమ్మ ఇంట్లో ఉండి చదువుకునేది.

చీటీ విప్పి, "నాకే పడాల్నా సార్ ఇది?" అంది. మళ్లీ తనే, "పోనీలే, వాళ్ల దారంతోనే కద మా ఇంట్లో అన్నం. ఉప్పు తిన్నందుకు మాట్లాడతా" అంది.

తీర్మానం రాయడం మొదలైంది. మొదటి ప్రతిలో "తీవ్రంగా ఖండిస్తున్నాం" అని ఉంది. ఓట్లు లెక్కపెట్టుకుంటే చాలలేదు. "తీవ్రంగా" తీసేశారు. నేతవాళ్ల పిల్లలు "ఖండిస్తున్నాం" తీయమన్నారు. "ఆందోళన చెందుతున్నాం" వచ్చింది. చివరికి "గమనించాం" దగ్గర ఆగింది.

"గమనించినామంటే ఏం సార్, గేటు కాడ వాచ్‌మెన్ కూడా గమనిస్తాడు" అని గోరంట్ల కుర్రవాడు విసుక్కున్నాడు.

"జెనీవాలో కూడా ఇట్లే కొలిచి కొలిచి కోస్తారబ్బా. మీరు వేగంగానే నేర్చుకున్నారు" అని చరిత్ర సారు మెచ్చుకున్నాడు. ఆయన మెచ్చుకుంటే ఎప్పుడూ కొంత అనుమానంగా ఉండేది.

ఇక స్వెటరక్క సంగతి. దీపావళి దాటాక మన ఊళ్లకు టిబెట్ వాళ్లు స్వెటర్లు తెచ్చి అమ్ముతారు. మా కాలేజీ దారిలో ఒక ఖాళీ జాగాలో యాభై ఏళ్ల మనిషి ఒకామె ఏటా అంగడి వేసేది. మైసూరు వైపు వాళ్ల కాలనీ. కన్నడం బాగా, తెలుగు పనికొచ్చేంత మాట్లాడేది. పిల్లలంతా స్వెటరక్క అనేవాళ్లు. శివరాత్రి దాకా అమ్మి వెళ్లిపోయేది. ఆ నాలుగు నెలల అమ్మకమే ఏడాదికి ఆధారం. చరిత్ర సారు స్టేషన్ నుంచి నడిచి వస్తూ రోజూ ఆమె దగ్గర ఆగేవాడు. ఆమె మనుషులు విడిచి వచ్చింది ఈ దేశాన్నే కదా, ఆమెను పిలుద్దాం అన్నాడు. అసలు మండలిలోనూ దేశాలన్నీ మాట్లాడాక, బయటి మనుషులకు రెండు నిమిషాలు ఇస్తారు.

మేమిద్దరం వెళ్లి అడిగాం.

"ఎంతసేపు మాట్లాడాల సార్?"

"రెండు నిమిషాలు."

"రెండు నిమిషాల్లో స్వెటర్ సైజు కూడా తేలదు సార్" అని నవ్వింది. ఆలోచించి చెబుతానంది. మరుసటి రోజు చరిత్ర సారును ఆపి, వస్తానని చెప్పింది. మాట్లాడేది ఏముందో మేము అడగలేదు. బాధితురాలు కాబట్టి బాధ చెబుతుందనుకున్నాం.

ఆ ఖాళీ జాగా ఊళ్లో ఒక దారం షావుకారుది. ధర్మవరం నేతవాళ్లు చాలామంది ఆయన దగ్గరే దారం తీసుకునేవాళ్లు. విదేశీ దారం కూడా ఆయన దగ్గర దొరికేది. మా కాలేజీలోనే చదువుకున్నాడు. ఏ కార్యక్రమం జరిగినా మైకు, మధ్యాహ్నం భోజనం ఆయనే ఏర్పాటు చేసేవాడు. మండలి కూర్చోవడానికి ముందు రోజు సాయంత్రం స్టాఫ్ రూముకు వచ్చాడు. నిలబడే మాట్లాడాడు.

"పిల్లోళ్లు ఏమన్నా చేసుకోనీండి సార్, నాకేం. ఆ స్వెటర్ల యమ్మను ఎందుకు పిలుస్తాండారు? రేపు పేపరోళ్లు వస్తారు. నేను పెట్టే భోజనం తిని, నా జాగాలో ఉండే మనిషి, ఆ దేశం మీద మాట్లాడింది అని రాస్తారు. ఎల్లుండి గూళ్ల రైతులు అదే కాగితం పట్టుకోని నా గోడౌన్ ముందర కూర్చుంటారు. యాల మీకు ఇదంతా? సుమ్నే, ఊరికే ఉండండి సార్."

"ఆమె రెండు నిమిషాలే మాట్లాడతాది" అన్నాడు చరిత్ర సారు.

"రెండు నిమిషాలు మాట్లాడి ఆమె పోతాది. జాగా నాది కద సార్." అంతకంటే ఏమీ అనలేదు. నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. వెళ్తూ, భోజనంలోకి తీపికి ఓళిగలు కూడా చెప్పానన్నాడు.

ఆయన పోయాక మేమిద్దరం లెక్క వేసుకున్నాం. ఆమె మూటలన్నీ దిగి ఉన్నాయి. డిసెంబరు నడుస్తోంది. ఆ సమయంలో ఊళ్లో ఇంకో జాగా దొరకదు. మేము రెండు నిమిషాల పాఠం కోసం ఆమె ఏడాది బతుకును పణం పెట్టినట్టవుతుంది. అట్లా అని షావుకారుకు భయపడి పిల్లల తీర్మానం తీసేసినట్టూ కనబడకూడదు.

చరిత్ర సారు ఉపాయం చెప్పాడు. అది ఆయన కనిపెట్టింది కాదు, మండలిలో ఉన్నదే. ఒక దేశం మీద తీర్మానం వస్తే, దాని స్నేహితుల్లో ఒకరు లేచి, దీని మీద అసలు చర్చే వద్దు అని ఇంకో ప్రతిపాదన పెడతారు. ముందు దాని మీద ఓటింగు. అది నెగ్గితే మొదటిది మాట్లాడే అవకాశమే ఉండదు. ఎవరూ ఎవరినీ సమర్థించినట్టు కాదు, ఖండించినట్టూ కాదు. చర్చ లేకపోతే బయటి మనిషి మాట్లాడే ఘట్టమే రాదు.

చీటీల్లో ఒక చిన్న ద్వీప దేశం పడ్డ పిల్లవాణ్ణి పిలిచాం. వాడు వారం నుంచి, "మా దేశం మునిగిపోతాండాది సార్, ముందు మాది చూడండి" అని అందరి వెంట తిరుగుతున్నాడు. ఈ ప్రతిపాదన నువ్వు పెట్టు అన్నాం.

"పెడితే మాకేం వస్తుంది సార్?"

"నీకు ఓడరేవు కట్టిస్తారు" అన్నాడు చరిత్ర సారు.

వాడు ఒప్పుకున్నాడు. మిగతా దేశాలకు మాట చేరింది. గూళ్ల రైతుల పిల్లలు తప్ప అందరికీ సౌకర్యంగానే ఉంది. రైలుకు పోతూ చరిత్ర సారు స్వెటరక్కతో, రేపు ఆ అంశం రాకపోవచ్చు, నువ్వు రానక్కర్లేదు, అంగడి పాడు చేసుకోవద్దని చెప్పాడు. ఆమె ఒక స్వెటర్ మడత పెడుతూ, "మీ కాలేజీ సార్, మీ ఇష్టం" అందట. ఆమెను కాపాడామని మేము అనుకున్నాం. కావాలా వద్దా అని ఆమెను ఒక్క మాట అడగలేదు.

మర్నాడు హాలు నిండింది. బల్లల మీద కాగితం జెండాలు. రెండు మూడు తలకిందులుగా ఉన్నాయి. అధ్యక్షుణ్ణి నేను. షావుకారు ముందు వరసలో. మేము మొదలుపెట్టబోతుండగా స్వెటరక్క వచ్చింది. రోజూ వేసుకునే స్వెటర్ కాకుండా, పాదాల దాకా ఉండే వాళ్ల ముదురు రంగు దుస్తులు వేసుకుని, చారల ఏప్రన్ కట్టుకుంది. చివరి వరసలో కూర్చుంది. చరిత్ర సారు లేచి వెళ్లి ఏదో అన్నాడు. తిరిగి వచ్చి నాతో, "వినేదానికి వచ్చినా అంటాంది. వినొద్దని ఎవురూ చెప్పలేదు కదా అంటాంది" అన్నాడు.

గోరంట్ల కుర్రవాడు తీర్మానం చదివాడు. ద్వీపం పిల్లవాడు లేచి, అధ్యక్షా, దీని మీద చర్చ వద్దని మా దేశం కోరుతోంది అన్నాడు. గోరంట్ల వాడికి కోపం వచ్చింది. "చర్చ వద్దంటే ఇన్ని దినాలు మేము రాసింది ఏమైనట్టు, ఉత్త పనా?" అన్నాడు. హాలంతా నవ్వింది. నేను బల్ల తట్టాను.

ఓటింగుకు ముందు సంబంధిత దేశం మాట్లాడవచ్చు. ధర్మవరం అమ్మాయి లేచింది. ఆమె ఏమంటుందో అందరికీ తెలుసు. చర్చ వద్దంటే ఆ దేశానికే లాభం. అట్లాంటి ప్రతిపాదన వద్దన్న దేశాన్ని నేను ఎక్కడా చదవలేదు.

ఆ పిల్ల ఒకసారి వెనక్కి చూసింది. తర్వాత ముందు వరస వైపు కూడా చూసింది. తన నాయనకు దారం ఎవరిస్తారో ఆమెకు తెలుసు.

"అధ్యక్షా, మా దేశం మీద ఏం చెప్పాలనుకున్నారో చెప్పనీండి. విన్నాక కాదంటాం. వినకుండానే కాదనేది మాకు మర్యాద కాదు. మాకు మీరిచ్చిన టైము ఆ వెనక కూర్చున్న అక్కకు ఇస్తాండాం."

 ద్వీపం పిల్లవాడు అటూ ఇటూ చూసి మళ్లీ లేచాడు. "మా ప్రతిపాదన వెనక్కి తీసుకుంటాం సార్. ఓడరేవు లేకపోతే ఈదుకుంటాం."

ఇక నిర్ణయం నాది. ఒక దేశం తన సమయాన్ని తన మీద ఫిర్యాదు చేసే మనిషికి ఇవ్వవచ్చని నిబంధనల్లో లేదు. ఇవ్వకూడదనీ లేదు. ఎవరూ అట్లా ఇస్తారని నిబంధనలు రాసినవాళ్లకు తోచి ఉండదు. నేను చరిత్ర సారు వైపు చూశాను. ఆయన ఫ్యాను వైపు చూస్తున్నాడు. ముందు రోజే చేసి ఉండవలసిన పని అప్పుడు చేశాను. "అమ్మా, మీకు మాట్లాడాలని ఉందా?" అని అడిగాను.

"ఉండాది సార్" అని ఆమె ముందుకు వచ్చింది.

సగం కన్నడంలో, సగం మన మాటలో చెప్పింది. హిందూపురం పిల్లలకు రెండూ ఒకటే. నాకు గుర్తున్నంత వరకు ఇది:

"నేను ఆ దేశం చూల్లేదు. నేను పుట్టింది ఈ పక్కనే. మా నాయన చిన్నప్పుడు కొండల్లో నడుచుకుంటా వచ్చినాడంట. ఆయన చెల్లెలు ఆడనే ఉండిపోయింది. ఈ అబ్బాయి చదివిన కాగితంలో పెద్ద సంగతులుండాయి. అవి నేను చూడనివి, చూసినానని చెప్పలేను. నాకు తెలిసింది ఒకటే. మా అత్తతో ఫోన్లో మాట్లాడేవాళ్లం. చలి ఎట్లుంది, పంట ఎట్లుంది, అంతే. వేరే మాట వస్తే ఆమె మాట మార్చేది. ఒకసారి, ఇంక చేయొద్దండి, మా పిల్లోళ్లకు ఇబ్బంది అయితాది అనింది. తర్వాత మా నాయన పోయినాడు. చెప్పాల కదా, అందుకు చేసినా. ఎత్తలేదు. ఆ నంబరే ఇప్పుడు లేదంట. అత్త లెక్కలో మా నాయన ఇంకా ఉండాడు. తోడబుట్టినోని కోసం ఏడ్చేది కూడా ఆమెకు లేకుండా పోయింది. ఇంతే సార్. దీన్ని మీ కాగితంలో యాడ రాస్తారో నాకు తెలీదు."

వెళ్లి తన చోట కూర్చుంది. ముందు ఎవరూ చప్పట్లు కొట్టలేదు, తర్వాత అందరూ కొట్టారు. గోరంట్ల కుర్రవాడు తన కాగితం చూసుకుంటూ, "సార్, ఇది ఎన్నో పేరాలో వస్తుంది?" అని మెల్లగా అడిగాడు. 

చర్చ జరిగింది. ఓటింగు జరిగింది. ఇది మీరు జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే నేను ఇన్నేళ్లు చెప్పిన పాఠం ఇక్కడే ఉంది. ఒక్క ఓటూ మారలేదు. గూళ్ల రైతుల పిల్లలు అవునన్నారు. నేతవాళ్ల పిల్లలు కాదన్నారు. ధర్మవరం అమ్మాయి కూడా కాదనే అంది. ఆమె దేశం తన మీద తనే ఓటు వేసుకోదు కదా. మన దేశం చీటీ పడ్డ అమ్మాయి చున్నీతో కళ్లు తుడుచుకుంటూనే తటస్థం అని చేయి ఎత్తింది. ఎక్కువమంది అదే దారి పట్టారు. "గమనించాం" అన్న మాట కూడా నెగ్గలేదు.

భోజనాల దగ్గర షావుకారు బాగానే ఉన్నాడు. స్వెటరక్క విస్తట్లో ఓళిగ తనే వేశాడు. "తినమ్మా, సిగ్గు పడాకు" అన్నాడు. ధర్మవరం అమ్మాయి దగ్గరికి వచ్చి, "నీ నాయన నాకు బాగా తెలుసు పాపా. బాగా మాట్లాడినావు. చెప్తాలే ఆయనకు" అన్నాడు. ఆ పిల్ల చేయి విస్తట్లోనే ఆగిపోయింది.

"చెప్పండి, సంతోషిస్తాడు" అన్నాడు పక్కనే కూర్చున్న చరిత్ర సారు, తల ఎత్తకుండా.

షావుకారు ఆ మాట నిజంగానే చేరవేశాడు. కొన్నాళ్లకు ఆమె నాయన ఏదో పనిమీద వచ్చి మమ్మల్ని కలిశాడు. "బిడ్డకు మాటలు బాగా నేర్పించినావని చెప్పి పంపినాడు సార్. ఆ మాటా చేరింది, దారమూ చేరింది" అన్నాడు. ఆయనకు దారం ఎప్పుడూ ఆగలేదు. షావుకారు చెడ్డవాడు కాదని చెప్పడానికి ఇది రాస్తున్నాను. చెడ్డవాడై ఉంటే తర్వాత జరిగింది అర్థం చేసుకోవడం సులువయ్యేది.

మండలి జరిగిన మర్నాడు పొద్దున, స్టేషన్ నుంచి వచ్చే దారిలో స్వెటరక్క అంగడి విప్పుతుంటే చూసి చరిత్ర సారు మా ఇంటికి వచ్చాడు. ఇద్దరం కలిసి జాగా దగ్గరికి వెళ్లాం. తాళ్లు విప్పి ఉన్నాయి. స్వెటరక్క మూటలు కడుతోంది. షావుకారు పక్కనే నిలబడి ఉన్నాడు.

మమ్మల్ని చూడగానే ఆయనే మొదలుపెట్టాడు. "నేను పొమ్మనలేదు సార్. మీరే అడగండి. శివరాత్రి దాకా ఉండమ్మా అని చెప్పినా. ఇంగ ఇట్లాంటివాటిలో మాట్లాడొద్దు, నీ పని నువ్వు చూసుకో, అంతే అన్నా. దాంట్లో ఏం తప్పుండాది?"

ఆయన చెప్పింది నిజమేనని ఆమె తల ఊపింది.

నాకు తోచిన సలహా నేను ఇచ్చాను. "ఉండిపోండమ్మా. ఎటూ మళ్లీ మాట్లాడే పని లేదు కదా. ఊరికే సరే అంటే పోతుంది."

"మాట్లాడే పని లేదు సార్" అని ఆమె ముడి బిగించింది. "ఆయప్ప ఏమీ చెప్పకుండా ఉండనిచ్చి ఉంటే ఉండేదాన్ని. పొమ్మని ఉంటే ఏడుస్తా పోయేదాన్ని. మాట్లాడకుండా ఉండు అన్నాడు. సరే అని ఉంటే, నిన్న మాట్లాడింది తప్పని ఒప్పుకున్నట్టే కదా. మా నాయన గురించి అది ఒక్కటే మాట్లాడినా నేను."

షావుకారు మొహం చిన్నబోయింది. ఇంకొకసారి ఉండమన్నాడు, ఈసారి షరతు లేకుండానే అన్నాడనిపించింది. కాని ఆమెకు షరతు విన్న తర్వాత అది లేనట్టు ఉండడం చేతకాలేదు. నేను తటస్థంగా నిలబడి ఉన్నాను. చరిత్ర సారు మాత్రం చేతిసంచి నాకిచ్చి, వంగి ఒక మూట భుజానికి ఎత్తుకున్నాడు.  ఆటోలో మూటలు వేశాం. స్టేషన్‌లో దింపాక, "మా ఇంటి ముందర అరుగుండాది. పెనుకొండలో" అన్నాడు, అంతే. ఇద్దరం కాలేజీకి సెలవు పెట్టి ఆమెతోపాటు ప్యాసింజరు ఎక్కాం.

ముందే చెబుతాను, ఆ చలికాలం పెనుకొండలో అమ్మకం సరిగా సాగలేదు. చిన్న ఊరు, ఆ వీధి లోపలికి ఎవరూ రారు. చరిత్ర సారు చెన్నేకొత్తపల్లి సంతకు కూడా ఆమెను పంపి చూశాడు. సగం సరుకు వెనక్కి తీసుకుపోయింది. ఆమె తీసుకున్న నిర్ణయానికి ఆమె నష్టపోయింది, మేము కాదు. తీర్మానాల పాఠం చెప్పేటప్పుడు ఈ సంగతి దాచకండి.

మేము చేరేసరికి మధ్యాహ్నమైంది. చరిత్ర సారు తల్లి అరుగు మీద కూర్చుని కందులు బాగు చేస్తోంది. ఎవరు, ఏమిటి అని అడగకుండా చేటతో సహా పక్కకు జరిగింది. మూటలు దింపాం. గుంజకు తాడు కట్టడానికి ఆయన మేకు నోట్లో పెట్టుకుని, కొట్టడానికి రాయి వెతుకుతున్నాడు. స్వెటరక్క మూట మీద చేయి వేసి, విప్పకుండా నిలబడింది.

"సార్, ముందే చెప్పండి. ఈడ ఏమన్నా షరతుండాదా?"

చరిత్ర సారు మేకు నోట్లో నుంచి తీశాడు.

"ఒకటుండాది. మా అమ్మకు చెవుడు. గట్టిగా మాట్లాడాల."

ఆమె మూట విప్పింది.